సంతకానికి నోచని నోటు

దేశనూరులో ఆ నోట్ల సేకర్త నా ముందు తెరిచిన ఆల్బమ్‌లో మొదటి పేజీలన్నీ దక్షిణ అమెరికావే. బొలీవియా, పెరూ, అర్జెంటీనా, బ్రెజిల్. నేను వెళ్లిందీ వాటికోసమే. పాత విదేశీ నోట్లు సేకరించేవాళ్ల మీద ముఖచిత్ర కథనం కావాలనీ, దక్షిణ అమెరికా నోట్లయితే అట్ట మీద రంగులు నిండుగా కనిపిస్తాయనీ, గురువారం సాయంత్రానికి కాపీ అందాలనీ ఎడిటర్ పురమాయించారు. రంగుల మాట ముమ్మాటికీ నిజం. 1928 జులై 20 నాటి చట్టం పేరుతో బొలీవియా కేంద్ర బ్యాంకు వేసిన ఒక బొలీవియానో నోటునే తీసుకోండి. సిమోన్ బొలివర్ ముఖం, పొతోసి కొండ, చుట్టూ కంటికి ఆనీ ఆనని గీతల అల్లిక. భూతద్దం పెట్టి చూస్తే బొలివర్ చెంప మీది నీడంతా గీతలూ చుక్కలే. ఉక్కు పలక మీద ఉలితో చెక్కిన పని అది. అంచున చిన్న అక్షరాల్లో అచ్చువేసినవారి పేరు: అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీ. ఒకప్పుడు ప్రపంచానికి వెండి పంచిన కొండ పొతోసి. ఆ కొండ బొమ్మను కాగితం మీద వేయించుకోవడానికి బొలీవియా న్యూయార్క్ దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ రోజుల్లో దక్షిణ అమెరికా దేశాల నోట్లు చాలావరకు ఇలా పరాయి ఊళ్లలో అచ్చయి, ఓడలెక్కి వచ్చినవే.

“మన నోట్లు కూడా ఓడెక్కే వచ్చాయండీ. ఇదైతే రాలేకపోయింది” అంటూ ఆయన చివరి పేజీ తిప్పారు.

ఆ పేజీలో ఒక్కటే నోటు. హైదరాబాద్ నిజాం ప్రభుత్వానిది. అంచులు పీచుపీచుగా లేచాయి. ఒక మూల నుంచి మధ్య దాకా కషాయం ఒలికినట్టు గోధుమరంగు మరక. రంగులు వెలిశాయి కానీ ఒకదాంట్లోకి ఒకటి కారలేదు. ఉర్దూకు తోడుగా తెలుగు, కన్నడ, మరాఠీ అక్షరాలు ఇప్పటికీ చదువుకోవచ్చు. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే మడత దగ్గర కాగితం ఉల్లిపొర మందమే మిగిలింది. ఆర్థికశాఖ అధికారి సంతకం ఉండాల్సిన చోట మాత్రం ఏమీ లేదు. చెరిగిపోయిన జాడ కూడా లేదు. అక్కడ ఎవరూ కలం పెట్టనే లేదు.

లండన్‌లో అచ్చయి హైదరాబాద్‌కు బయల్దేరిన ఈ కాగితం దారిలో సముద్రంలో మునిగిపోయింది. పదేళ్ల తర్వాత పైకి వచ్చింది. అది చూశాక బొలివర్‌ను పక్కన పెట్టి, ఈ నోటు వెంటే వెళ్లాను. కథనం దారి మారిందని ఫోన్ చేస్తే “బొమ్మలున్నాయా?” అని మాత్రమే అడిగారు ఎడిటర్.

రెండు ఒడ్లు, రెండు రూపాయలు

ఇలాంటి నోటు దేశనూరులో కనిపించడం వింతేమీ కాదు. బళ్లారి జిల్లా సిరుగుప్ప దగ్గర తుంగభద్ర రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల మధ్య లంకకు పాత గెజెటీర్లు పెట్టిన పేరు దేశనూరే. నది దాటితే రాయచూరు జిల్లా. ఇప్పుడు రెండూ కర్ణాటకే. ఇక్కడి వరి మళ్లలో, మిల్లుల్లో కన్నడతో పాటు తెలుగూ వినిపిస్తుంది. తుంగభద్ర ఆయకట్టు వచ్చాక కోస్తా జిల్లాల నుంచి రైతులు తరలివచ్చి ‘క్యాంపులు’ వేసుకున్న ప్రాంతమిది. మన సేకర్త కుటుంబమూ అలా వచ్చిందే, బియ్యం వ్యాపారం. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు.

వాళ్లు రాకముందు ఈ నది రెండు రాజ్యాలకు ఎల్లగా ఉండేది. 1800లో నిజాం దత్తమండలాలను కుంపిణీకి వదులుకున్నప్పటి నుంచి దక్షిణపు ఒడ్డు మద్రాసు ప్రెసిడెన్సీ, ఉత్తరపు ఒడ్డు నిజాం రాజ్యం. ఈ ఒడ్డున బ్రిటిష్ రూపాయి, జనం నోట్లో ‘కల్దారు’. ఆ ఒడ్డున ‘హాలీ సిక్కా’. 1923లో ఐదో జార్జి ముఖంతో పది రూపాయల నోటు వచ్చాక కల్దారు నోటు మీద రాజు కూర్చున్నాడు. హాలీ నోటు మీద మనిషి బొమ్మే లేదు. అక్షరాలూ, అల్లిక గీతలూ అంతే. రెండింటి మీదా తెలుగు మాత్రం ఉంది. నది దాటిన రైతుకు జేబులో రాజ్యం మారేది, చదువుకునే అక్షరం మారేది కాదు.

మారకం లెక్క ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. కాగితం మీద తేలికే. ఒక కల్దారుకు ఒక రూపాయి రెండణాల ఎనిమిది పైలు హాలీ, సరిగ్గా తెగుతుంది. తిరగేసి కట్టండి: ఒక హాలీకి పదమూడణాల ఎనిమిది పైలు, పైన మరో పైలో ఏడింట నాలుగో వంతు. ఆ ముక్క పై ఏ టంకశాలా కొట్టలేదు. ఏడు రూపాయలూ ఒక్కసారి మార్చుకోగలిగినవాడికి నష్టం లేదు. ఒకటీ రెండూ మార్చుకునే కూలీకే ఆ ముక్కతో పేచీ. పైగా షరాబు పట్టుకునే వట్టం ఒకటి. నోట్ల సేకరణ అంటే బొమ్మల పుస్తకం అనుకునేవాళ్లు ఈ రెండు నోట్లను పక్కపక్కన పెట్టుకుని ఒక్కసారి ఈ లెక్క చేసి చూడాలి. సరిహద్దు ఊళ్లో బతుకంటే ఏమిటో నాకు ఈ ముక్క పై చెప్పినంత బాగా ఏ గెజెటీరూ చెప్పలేదు.

చరిత్రను గబగబా చెప్పేస్తాను. హైదరాబాద్ కాగితపు డబ్బు వేయాలని పలుమార్లు ప్రయత్నించింది, బ్రిటిష్‌వాళ్లు అడ్డుపడుతూ వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కటకట వచ్చింది, నిజాం యుద్ధానికి ధారాళంగా సాయం చేశాడు, 1918లో అనుమతి దొరికింది. ‘ఉస్మానియా సిక్కా’ పేరుతో ముందు పది, వంద రూపాయల నోట్లు, 1919లో ఒకటి, ఐదు, 1926లో వెయ్యి వచ్చాయి. తొలి నోట్లను లండన్‌లో వాటర్‌లో అండ్ సన్స్ అచ్చువేసింది. తర్వాత పని నాసిక్ ప్రెస్సుకు మారింది. 1942లో గన్‌ఫౌండ్రీలో తలుపులు తెరిచిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ఈ డబ్బు వ్యవహారం చూసుకుంది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య, 1950లో పక్కన భారత రూపాయి, 1951లో హాలీ జారీకి స్వస్తి. ఆ దశాబ్దం ముగిసేసరికి చెల్లుబాటూ పోయింది. 1953లో సిరుగుప్ప మైసూరుకు వెళ్లింది, 1956లో రాయచూరూ వెళ్లింది. నది మధ్యలోని గీత అలా చెరిగిపోయింది.

ఈజిప్ట్ అనే ఓడ

1922 మే 19న లండన్ దగ్గర టిల్బరీ రేవు నుంచి పి అండ్ ఓ కంపెనీ ఓడ ‘ఈజిప్ట్’ బొంబాయికి బయల్దేరింది. ప్రయాణికులు 44 మందే. మిగతావాళ్లు మార్సెయ్‌లో ఎక్కాలి. సిబ్బంది దాదాపు 300, అందులో ఎక్కువమంది మన దేశపు లస్కర్లు. ఓడ అడుగున ఇనుప గదిలో సుమారు 5 టన్నుల బంగారం, 10 టన్నుల వెండి. అప్పటి లెక్కలో పది లక్షల పౌన్లకు పైమాట. ఆ సరుకుతో పాటే హైదరాబాద్ ప్రభుత్వానికి చేరాల్సిన నోట్ల కట్టలు.

మర్నాడు సాయంత్రం ఫ్రాన్స్ కొనకు ఎదురుగా, ఉషాంత్ దీవి దగ్గర పొగమంచు కమ్మింది. ‘సేన్’ అనే ఫ్రెంచి సరుకు ఓడ వచ్చి పక్కటెముకల్లో గుద్దింది. అది మంచులో తిరిగే ఓడ, ముక్కు గట్టిది. ఇరవై నిమిషాల్లోపే ఈజిప్ట్ మునిగిపోయింది. ఎనభై మందికి పైగా చనిపోయారు. గందరగోళానికి లస్కర్లే కారణమని బ్రిటిష్ పత్రికలు వాళ్ల మీద విరుచుకుపడ్డాయి. విచారణ మాత్రం ప్రాణరక్షణ ఏర్పాట్లు సరిగా చేయలేదని కెప్టెన్‌నే తప్పుపట్టింది. చనిపోయినవాళ్లలో అత్యధికులు సిబ్బందే. ఈ ఓడ గురించి రాసేవాళ్లు బంగారం బరువు గ్రాములతో సహా చెప్పి, ఆ మనుషుల్ని ఒక్క వాక్యంలో దాటేస్తుంటే మనసు చివుక్కుమంటుంది.

లాయిడ్స్ బీమాదారులు సొమ్ము కట్టేసి, ఓడను వెతికేవాళ్ల కోసం చూశారు. నాలుగు వందల అడుగులకు పైగా లోతు. మామూలు రబ్బరు తొడుగు వేసుకుని గజ ఈతగాళ్లు దిగే లోతు కాదు. ఇటలీకి చెందిన సొరీమా కంపెనీ 1929లో పని మొదలుపెట్టింది. యజమాని జొవాన్ని క్వాల్యా. ఓడ పేరు ‘ఆర్టీల్యో’. ముఖ్య డైవరు వియారెజ్జో ఊరివాడు అల్బెర్టో జాన్ని. రెండు ఓడల మధ్య తాడు కట్టి సముద్రం అడుగును దువ్వుతూ పోయారు. 1930 ఆగస్టు చివర్లో ఈజిప్ట్ దొరికింది. చలికాలంలో అక్కడ పని సాగదు కాబట్టి, ఆ డిసెంబరులో తీరానికి దగ్గర్లో మునిగి ఉన్న ‘ఫ్లోరెన్స్ హెచ్’ అనే మందుగుండు ఓడ శిథిలాన్ని పేల్చే పని పెట్టుకున్నారు. మందుగుండు పాడైపోయి ఉంటుందనుకున్నారు. డిసెంబరు 7న అది మొత్తంగా పేలింది. ఆర్టీల్యో, దాంతో పాటు జాన్ని, ఇంకా సిబ్బందిలో చాలామంది పోయారు.

మిగిలినవాళ్లు మరో ఓడకు అదే పేరు పెట్టుకుని 1931లో తిరిగి వచ్చారు. వాళ్లు పనిచేసిన తీరు తెలిస్తేనే ఈ కాగితం పైకి రావడం ఎంత గొప్పో అర్థమవుతుంది. కిటికీలున్న ఇనుప గొట్టంలో ఒక మనిషిని కూర్చోబెట్టి కిందికి దింపుతారు. అతను చేతులు బయటపెట్టి ఏదీ ముట్టుకోలేడు. చూస్తాడు, టెలిఫోన్‌లో చెబుతాడు. ‘కాస్త ఎడమకి, ఇంకో మూరెడు, వదులు.’ పైన డెక్ మీద క్రేను తిప్పేవాడు ఆ మాటలు విని, తన కంటికి కనిపించని పంజాను నాలుగు వందల అడుగుల తాడు చివర ఆడిస్తాడు. అలల మీద ఓడ లేచిపడుతుంటే పంజా కూడా కింద లేచిపడుతుంది. పేలుడు పదార్థాలతో ఒక్కో అంతస్తూ విప్పుకుంటూ, రేకులు తుంచి పక్కన పడేస్తూ, ఇనుప గది పైకప్పు దాకా వెళ్లడానికే 1932 వేసవి వచ్చింది.

బంగారం కంటే ముందు పైకొచ్చినవాటిలో హైదరాబాద్ నోట్లున్నాయి. పంజా విప్పితే బురదా తుపాకీ సామానుల మధ్య కాగితం కట్టలు. ప్రపంచమంతా బంగారం కోసం ఎదురుచూస్తున్న ఆ డెక్ మీద, ఇటాలియన్ నావికుల చేతుల్లో ముందుగా పడినవి తెలుగు అక్షరాలున్న రూపాయలు. చదవడానికి అక్కడ ఒక్కరికీ రాదు. 1932 జూన్ 22న మొదటి బంగారు నాణేలు దొరికాయి, ఆ తర్వాత కడ్డీలు. పని 1935 వరకూ సాగి, ఓడలోని సొమ్ము దాదాపు అంతా బయటికొచ్చింది. లండన్ ‘టైమ్స్’ తరఫున డేవిడ్ స్కాట్ అనే విలేకరి ఆ నావికులతోనే ఓడ మీద ఉండి వార్తలు పంపాడు. రెండు పుస్తకాలూ రాశాడు. పత్రికా పనిలో ఉన్న ఎవరికైనా అతని మీద అసూయ పుడుతుంది.

నోట్లకు అప్పటికి డబ్బు విలువ లేదు, ఎప్పుడూ లేదు కూడా. లండన్‌లో కాగితం, సిరా, అంకెలు, అల్లిక గీతలు అన్నీ పూర్తయ్యాయి. హైదరాబాద్ చేరాక పడాల్సిన సంతకం ఒక్కటే మిగిలింది. ప్రభుత్వం ఇచ్చే మాటకు ఆ సంతకమే పూచీ. అది లేకపోతే ఎంత అందమైన నోటైనా అచ్చుకాగితమే. ఈ తేడా ఎంత పెద్దదో చూపించడానికి ఇదే వాటర్‌లో కంపెనీ కథ ఇంకొకటి ఉంది. 1925లో ఆల్వెస్ రీస్ అనే పోర్చుగల్ మోసగాడు దొంగ పత్రాలు చూపించి, అసలు పలకలతో, అసలు యంత్రాల మీద, వాస్కో డ గామా బొమ్మున్న 500 ఎస్కుడోల నోట్లు ఈ కంపెనీ చేతే అచ్చువేయించుకున్నాడు. తొలి విడతలోనే రెండు లక్షల నోట్లు. కాగితం అసలుదే, అనుమతి దొంగది. పోర్చుగల్ ఆర్థిక వ్యవస్థ గజగజలాడింది. మన ఈజిప్ట్ నోటు దానికి సరిగ్గా తలకిందులు. అనుమతి అసలుది, కాగితం అసలుది, చేరడమే జరగలేదు.

బాక్స్: నూట పదహార్లు ఇక్కడివేనా?

వంద కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ. దీన్నిబట్టి మన ‘నూట పదహార్లు’ పుట్టిందే ఈ మారకంలో అని పెద్దవాళ్లు నమ్మకంగా చెబుతారు. నిజాం ఇలాకాలో సన్మానం వందకు తక్కువ కాకూడదని నూట పదహారు ఇచ్చేవారట. వినడానికి బాగుంది, నేను మాత్రం ఒప్పుకోను. పందొమ్మిదో శతాబ్దంలో హాలీ మారకం ఒక్కచోట నిలిచింది కాదు. బజారును బట్టి ఎక్కేది, దిగేది. పైగా నూట పదహారు దగ్గర ఆపితే పది అణాల ఎనిమిది పైలు తక్కువే పడతాయి. సంభావన ఇచ్చేవాడు బ్రాహ్మడికి తక్కువ తూచి శుభం అనుకుంటాడా?

బాక్స్: మరో మునక

1918 జులై 2న ‘షిరాలా’ అనే ఓడను జర్మన్ జలాంతర్గామి లండన్ నుంచి బొంబాయి వెళ్లే దారిలో ముంచేసింది. అందులోనూ సంతకం లేని బ్రిటిష్ ఇండియా నోట్లున్నాయి. చాలావరకు తీరానికి కొట్టుకొచ్చాయి. 1918 మే 25 తేదీ ఉన్న రెండు పది రూపాయల నోట్లు 2024లో లండన్‌లోని నూనన్స్ వేలానికి వచ్చినప్పుడు మన పత్రికల్లోనూ వార్త అయింది. ఈ ఓడ నోట్లనూ ఈజిప్ట్ నోట్లనూ కలిపి చెప్పేసే అమ్మకందార్లు ఉన్నారు. తేలిగ్గా పట్టుకోవచ్చు: షిరాలావి బ్రిటిష్ ప్రభుత్వానివి, ఈజిప్ట్‌వి హైదరాబాద్‌వి.

మచ్చకు మార్కులు తగ్గించే బజారు

నోట్ల బజారులో దర్జా కాగితం మీద ఆధారపడి ఉంటుంది. మడత పడని, చేయి పడని నోటుకు ‘అన్‌సర్క్యులేటెడ్’ అని పెద్దపీట. ఒక మడతకు ఒక మెట్టు దిగుడు. చిరుగు, మరక, పిన్ను బెజ్జం ఉంటే ఇంకా కిందికి. దక్షిణ అమెరికా నోట్లకు ఈ పద్ధతి నప్పుతుంది. ద్రవ్యోల్బణంలో బ్యాంకుల్లోనే కట్టలు కట్టలుగా మిగిలిపోయినవి చాలా ఉన్నాయి కాబట్టి, ఎంచుకోవడానికి వీలుంది. హాలీ నోట్లకు మాత్రం ఈ కొలబద్ద అన్యాయం చేస్తుంది. పంచె మడతలో, పోపుల పెట్టెలో, తుంగభద్ర పుట్టిలో తిరిగిన నోటు మీద ఆ తిరుగుడే రాసి ఉంటుంది. ఉతికి ఇస్త్రీ చేసి అమ్మే నోటు కంటే, షరాబు పెన్సిలుతో మూలన అంకె గిలికిన నోటుకే నేనైతే ఎక్కువ డబ్బు పెడతాను.

“మరక చూసి కొనొద్దండీ, కాగితాలు చూసి కొనండి” అన్నారు సేకర్త. ఈజిప్ట్ నోటు పేరుతో టీ నీళ్లలో ముంచిన కాగితాలు అమ్మేవాళ్లుంటారని ఆయన హెచ్చరిక. ఆయన దగ్గరున్నది లండన్ వేలంలో కొన్నది; ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో తెలిపే పాత చీటీ, రశీదు అదే పేజీలో వెనక దోపి ఉన్నాయి. ఉప్పునీటి మరక కట్టలో పక్క నోటుకు ఆనిన చోట గీతకట్టినట్టు ఆగుతుంది. టీ మరక అలా కాదు, చుట్టలు చుట్టలుగా ఆరుతుంది. ఈ తేడా ఆయన ఒక చెత్త నోటు పక్కన పెట్టి చూపించారు. చూశాక ఇక మర్చిపోలేం.

సంతకాలున్న హాలీ నోట్లదీ ఒక ఆల్బమ్ ఉంది. సేకరించేవాళ్లు వీటిని సంతకం వరసలోనే పేర్చుకుంటారు. పాత నోట్ల మీద హైదర్ నవాజ్ జంగ్, అంటే సర్ అక్బర్ హైదరీ. 1940లలో గులాం మొహమ్మద్. ఈయన హైదరాబాద్ ఆర్థికమంత్రిగా రూపాయల మీద సంతకం చేసి, 1947లో పాకిస్థాన్ తొలి ఆర్థికమంత్రి అయ్యాడు, 1951లో ఆ దేశానికి గవర్నర్ జనరల్ అయ్యాడు. పోలీసు చర్య తర్వాత వచ్చిన నోట్ల మీద సి.వి.ఎస్. రావు సంతకం. నోటు రూపు అదే, ప్రభుత్వం మారిపోయింది. మూడు నోట్లు వరసగా పెడితే మూడు పేజీల చరిత్ర చెప్పాల్సిన పని ఉండదు.

ఇప్పుడాయన వెతుకుతున్నది ఈజిప్ట్ నోటుకు జోడీ. అదే విలువ, అదే కాలం, హైదరాబాద్ చేరి సంతకం పడి, బజారులో తిరిగిన నోటు. హాలీ నోట్ల మీద ఏడాది ఫసలీలో ఉంటుంది. దానికి 590 కలుపుకుంటే ఇంచుమించు మన లెక్క వస్తుంది. ఫసలీ 1330కి అటూ ఇటూ ఉన్నది కావాలి. నది అవతల మాన్వి, సింధనూరు పల్లెల్లో పాత దస్తావేజుల మధ్య ఇంకా ఒకటో అరో ఉండి ఉంటాయని ఆయన నమ్మకం, నా నమ్మకం కూడా. మీ ఇంట్లో దొరికితే దయచేసి ఉతక్కండి, ఇస్త్రీ చేయకండి, లామినేషన్ షాపుకు అస్సలు తీసుకెళ్లకండి. టేపు అంటించకండి. పారదర్శకమైన పాలిస్టర్ తొడుగులో, ఎండా చెమ్మా తగలని చోట పెట్టి, అది ఎవరి పెట్టెలో ఏ కాగితాల మధ్య దొరికిందో ఒక చీటీ మీద రాసి పక్కన ఉంచండి. నోటు ఎటూ పుస్తకాల్లో బొమ్మగా దొరుకుతుంది. మీ తాత దాన్ని కల్దార్లలోకి ఎందుకు మార్చుకోలేదన్న సంగతి మాత్రం మీ ఇంట్లో తప్ప మరెక్కడా దొరకదు.